నాలుగు వేళ్ళ దూరం

ఇరవై ఏళ్ళు కత్తి తిప్పి బతికాను. ఒక్కరికీ తగల్లేదు. మా పనిలో అదే గొప్ప. నేను హీరోయిన్లకు డూపుని. గుర్రం మీంచి దూకాలన్నా, మెట్ల మీంచి దొర్లాలన్నా, పదిమంది మగాళ్ళ మధ్య కత్తి పట్టుకుని గిర్రున తిరగాలన్నా ఆవిడ చీరలాంటి చీర, ఆవిడ జడలాంటి జడ నాకు తగిలించి, కెమెరాను నా వీపు వైపు పెట్టేవారు. నా వీపు మీలో చాలామంది చూసే ఉంటారు. మొహం మాత్రం మా యూసుఫ్‌గూడ గల్లీలో వాళ్ళకే తెలుసు.

నాకు కత్తి నేర్పిన ఫైట్ మాస్టారు మొదటిరోజే ఒక నియమం పెట్టారు. కత్తి మొనకీ, ఎదుటి మనిషి ఒంటికీ మధ్య ఎప్పుడూ నాలుగు వేళ్ళ దూరం ఉండాలి. తన నాలుగు వేళ్ళూ కలిపి, నా కత్తికీ తన కడుపుకీ మధ్య అడ్డంగా పెట్టి చూపించారు. “కెమెరా పక్కనుంచి చూస్తుందమ్మా. ఈ నాలుగు వేళ్ళు దానికి కనపడవు. పొరపాటున తగిలిందనుకో, రేప్పొద్దున నిన్నెవరూ పనికి పిలవరు” అన్నారు. కత్తులు అల్యూమినియంవే, కొన్ని చెక్కవి, క్లోజప్పులో మెరవడానికి వెండి రంగు పూసినవి. అయినా బలంగా తగిలితే కన్ను పోతుంది. ఆ మాట నేను ఎంత భక్తిగా పట్టుకున్నానంటే, ఇరవై ఏళ్ళలో నా కత్తి అంచు ఎవరి చొక్కా గుండీకీ రాసుకోలేదు. మాస్టారు పోయే ముందు కూడా కొత్తవాళ్ళకు నన్ను చూపించి “చెయ్యి అంటే అదీ” అనేవారట.

ఆ గొప్ప మీద నీళ్ళు చల్లింది ఒక కొత్త హీరోయిన్. పాపం, మంచి పిల్లే. ఫిల్మ్‌నగర్‌లో సెట్టు వేశారు. షాటు షాటుకీ మధ్య నా పక్కన కుర్చీ వేయించుకుని, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. “అక్కా, మీకు నిజం కత్తియుద్ధం వచ్చా? అంటే, ఎదుటివాళ్ళు ఊరికే నిలబడకుండా నిజంగా కొడితే?”

“వచ్చు” అన్నాను టక్కున.

ఎందుకన్నానో నాకే తెలియదు. ఇంటికెళ్ళి అన్నం తింటుంటే ఆ ‘వచ్చు’ గొంతులో ముల్లులా అడ్డం పడింది. నాకేం వచ్చు? ఎవరు ఎప్పుడు కొడతారో, నేను ఎటు వంగాలో, వాళ్ళు ఎక్కడ పడిపోవాలో అన్నీ ముందే కంపోజ్ చేసి, లెక్క పెట్టుకుని చేసే పని. ఒకటి, రెండు, తిరుగు, మూడు, పడు. నలభై ఒక్క ఏళ్ళకి మోకాలు మూలుగుతోంది, పిలుపులు తగ్గాయి, నేను చెయ్యాల్సిన దూకుళ్ళు సగం కంప్యూటర్లో చేసేస్తున్నారు. ఇన్నేళ్ళూ పట్టుకున్న వస్తువు నాకు వచ్చో రాదో తెలియకుండానే ఇంట్లో కూర్చోవాలా? నాకు ఒళ్ళు మండింది. ఆ వారంలోనే ఫెన్సింగ్ ఎక్కడ నేర్పుతారో కనుక్కున్నాను.

ఫిల్మ్‌నగర్ ఎత్తు దిగే దారిలో ఒక రేకుల షెడ్డు. మామూలుగా బ్యాడ్మింటన్ ఆడతారు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకూ కోర్టు గీతల మీదే పొడుగాటి నల్ల చాపలు పరిచి ఫెన్సింగ్. నేర్పేది మోతీనగర్ కుర్రవాడు, ముప్పై కూడా ఉండవు. జాతీయ పోటీల దాకా వెళ్ళి, భుజం పట్టేసి, నేర్పడంలోకి దిగాడట. నేను అతన్ని ‘సార్’ అన్నాను, అతను నన్ను ‘అక్కా’ అన్నాడు. ఈ ఏర్పాటు మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

మొదటిరోజు బల్ల మీద మూడు రకాల కత్తులు పెట్టాడు. ఫాయిల్, ఎపీ, సేబర్. మొదటి రెండూ సన్నగా ఊచల్లా ఉన్నాయి, మొనకు చిన్న బొడిపె. సేబర్‌కి మాత్రం చేతి చుట్టూ వంకీ ఉంది, చూడటానికి కాస్త మా సినిమా కత్తి చుట్టంలా ఉంది. నేను తిన్నగా సేబర్ తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాను.

“మెరుపు కొంచెం తక్కువగా ఉంది సార్” అన్నాను.

అతను నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి పాపం చాలా కష్టపడ్డాడు. “అక్కా, గది మెరవనీకి కాదు. సేబర్‌తోని నరుకుడు కూడా ఉంటది. నీ చెయ్యి ఇప్పటికే గాల్లో ముగ్గులేస్తది. ముందుగాల ఫాయిల్ పట్టు. పొడుచుడొక్కటే. ఛాతీ, కడుపు, వీపు, అంతే. గాడ మొన ఆనాలె, కత్తి వంగాలె. వంగితేనే తగిలినట్టు.”

“సొంతది ఎప్పుడు కొనుక్కోవచ్చు?”

“కత్తులు తెప్పించనీకి మూణ్ణెల్లకోసారి కంపెనీకి లిస్టు రాసి పంపిస్త. ఇంకో నెలకు, ఆదివారం నాడు పంపేదుంది. కానీ జర ఆగు. ఆటల ఒక్కసారన్న సాఫుగ తగిలించినోళ్ళ పేరే రాస్త. లేకుంటే జూబ్లీహిల్స్ డ్రాయింగ్ రూముల గోడలకు నేను తెప్పించిన కత్తులు చానా వేలాడుతున్నయి.”

ఒక్క దెబ్బేగా అనుకున్నాను. నెల కాదు, వారంలో కొడతాననుకున్నాను. లోపల ఒట్టు కూడా పెట్టుకున్నాను. లిస్టు వెళ్ళే ఆదివారం నాటికి తగిలించలేకపోతే, నాకు కత్తి రాదని ఒప్పుకుని, ఇక ఏ సెట్టులోనూ కత్తి ముట్టను. ఆ ‘వచ్చు’ అన్న మాటకు అదే శిక్ష.

నాకు జోడీగా ఒక పళ్ళ డాక్టరమ్మను నిలబెట్టాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర క్లినిక్కు. తాటిచెట్టంత పొడుగు, మెత్తటి మాట. మా ఇద్దరికీ తలకు జాలీ మాస్కులు, తెల్లటి మందపాటి జాకెట్లు, కత్తి పట్టే చేతికి ఒకే ఒక్క గ్లవ్. ‘మొదలు’ అనగానే ఆవిడ ఒక్క అంగలో వచ్చి నా గుండె మీద పొడిచేసింది. నేనేం చేశానంటే, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే, ‘హా’ అని అరిచి, వెనక్కి ఎగిరి, గాల్లో అరచుట్టు తిరిగి, చాప అవతల సిమెంటు మీద వెల్లకిలా పడ్డాను. కత్తి దూరంగా జారిపోయింది. తల పక్కకి వాల్చాను కూడా.

డాక్టరమ్మ కెవ్వున అరిచి కత్తి పారేసి నా దగ్గరికి పరిగెత్తింది. “అయ్యయ్యో సారీ అండీ! ఎక్కడ తగిలింది? ఊపిరి ఆడుతోందా?” అంటూ మాస్కు లాగేసి నా కనురెప్పలు ఎత్తి చూసింది. షెడ్డంతా చుట్టూ మూగింది. తగలగానే పడటం నా ఒంటికి పట్టిన పని. దెబ్బ కొట్టినవాడి కంటే, తిన్నవాడు బాగా పడితేనే షాటు ఓకే అవుతుంది. ఈ సంగతి చెబితే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆవిడ మాత్రం మర్నాటి నుంచి నన్ను పొడిచిన ప్రతిసారీ “సారీ అండీ” అనడం మొదలుపెట్టింది.

పడటం మూడు రోజుల్లో మానేశాను. రెండో జబ్బే కుదరలేదు. గోడకి తగిలించిన దిండు మీద పొడవమంటే నా మొన సరిగ్గా మధ్య చుక్క మీదే పడేది. అందరూ మెచ్చుకునేవారు. దిండు స్థానంలో మనిషి నిలబడితే చాలు, చెయ్యి ఆగిపోయేది. అంగ వేసేదాన్ని, మోచెయ్యి చాచేదాన్ని, అంతా బాగానే ఉండేది, చివర్లో మొన డాక్టరమ్మ జాకెట్టు ముందు గాల్లో నిలబడిపోయేది. ఇంకొంచెం ముందుకు తోద్దామనుకుంటే, తోసేలోపు ఆవిడ కత్తి నా కడుపులో వంగేది. “సారీ అండీ.”

మూడో వారంలో కోచ్ నన్ను అలాగే ఆగమని చెప్పి, నా మొనకీ ఆవిడ జాకెట్టుకీ మధ్య తన చెయ్యి అడ్డంగా పెట్టాడు. నాలుగు వేళ్ళు సరిగ్గా పట్టాయి.

“ప్రతిసారి గింతే అక్కా. ఇంచు ఎక్కువ లేదు, తక్కువ లేదు. నువ్వు కొట్టనీకి వస్తున్నవా, ఆపనీకి వస్తున్నవా?”

నాకు ఏడుపొచ్చింది. మాస్కు ఉంది గనుక సరిపోయింది. మాస్టారు అంత ముద్దుగా మెచ్చుకున్న చెయ్యి, నాకు అన్నం పెట్టిన చెయ్యి, ఇప్పుడు నా మాట వినడంలేదు. రోజూ ఇంట్లో తలుపుకి తువ్వాలు కట్టి రెండొందల సార్లు పొడిచాను. తువ్వాలుకి తగిలేది. మనిషికి తగిలేది కాదు. ఆ తువ్వాలు మీద మా అమ్మ రవిక తొడిగి కూడా చూశాను. చెయ్యి దానికి మోసపోలేదు.

లిస్టు వెళ్ళే ఆదివారం ముందు శుక్రవారం. కోచ్ కొత్త ఆట పెట్టాడు. ఎదురుగా నిలబడి, ఉన్నట్టుండి తన గ్లవ్ జారవిడుస్తాడు. అది నేల తాకేలోపు మనం ముందుకు దూకి కత్తితో దాన్ని పొడవాలి. చురుకు కోసం. నా వంతు వచ్చింది. గ్లవ్ వదిలాడు. నేను దూకాను. కత్తి ఎక్కడో ఉండిపోయింది. గ్లవ్ మాత్రం నా ఎడమ చేతిలో ఉంది.

మళ్ళీ వదిలాడు. మళ్ళీ ఎడమ చేతిలోనే. మూడోసారి చెప్పకుండా పక్కనుంచి విసిరాడు. అదీ అక్కడికే వచ్చింది.

“అక్కా, నీది ఎడమ చెయ్యా?”

“కాదు సార్” అన్నాను. ఎంత తొందరగా అన్నానంటే, ఎవరో నా సంచీలో ఏదో పట్టుకున్నట్టు.

మరి నాకు నాలుగేళ్ళప్పటి సంగతి అలాంటిది. మా అమ్మ సినిమా కంపెనీలకు కాస్ట్యూమ్స్ కుట్టేది. గోదావరి వైపు నుంచి చేతిలో పనితనం ఒక్కటే పెట్టుకుని కృష్ణానగర్‌లో దిగిన మనిషి. నేను అన్నం ఎడమ చేత్తో తినేదాన్ని, బలపం ఎడమ చేత్తో పట్టేదాన్ని. “ఆ చెయ్యి కాదే” అని అమ్మ రోజుకి వందసార్లు అనేది. చుట్టాలు నవ్వారు. బళ్ళో టీచరు మెటికల మీద కొట్టింది. చర్చిలో ఎవరో పెద్దావిడ నేను ఎడమ చేత్తో కానుక వేయబోతే పళ్ళెం వెనక్కి లాక్కుంది. ఆ సాయంత్రమే అమ్మ నా గౌన్లన్నీ ముందేసుకుని, ఎడమ చేతుల్ని పొడుగు చేసి, చివర్లు కుట్టేసింది. దిండు గలేబులా మూసేసింది. ఏడాదిపాటు నా ఎడమ చెయ్యి గుడ్డ లోపలే ఉంది. బయటికొచ్చేసరికి కుడి చెయ్యి అన్నం తినడం, రాయడం నేర్చేసుకుంది. తర్వాత కత్తి పట్టడమూ దానికే వచ్చింది. ఎడమ చేతికి మిగిలింది తాళాలు తియ్యడం, దోమలు కొట్టడం.

కోచ్ వినలేదు. తిన్నటి పిడి ఉన్న పాత ఫాయిల్ ఒకటి తెచ్చి నా ఎడమ చేతిలో పెట్టాడు. తను ఛాతీకి దళసరి తోలు కవచం కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. “నన్ను పొడువు.”

నాకు అడుగులు తడబడ్డాయి. కుడికాలు ముందుండాలా, ఎడమకాలా అని ఒక క్షణం కాళ్ళ వంక చూసుకున్నాను. చెయ్యి ముడుచుకుని ఉంది. అందంగా మాత్రం అస్సలు లేదు. అంగ వేశాను.

కత్తి వంగింది.

ఆ తాకిడి పిడిలోంచి మోచేతిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ళలో కత్తి చివర అవతల మనిషి ఉన్నాడని నాకు తెలియడం అదే మొదలు. కోచ్ ఒకడుగు వెనక్కి వేసి ఛాతీ రుద్దుకున్నాడు. మళ్ళీ పొడిచాను. మళ్ళీ వంగింది. నాలుగు వేళ్ళ నియమం మాస్టారు నా కుడి చేతికే చెప్పారు. ఎడమ చేతికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అది అక్కడ లేనే లేదు కదా. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే చెప్పలేనంత కోపమొచ్చింది.

“ఆదివారం ఈ చేత్తోనే ఆడతా సార్.”

“ఆడనియ్య” అన్నాడు. “జాకెట్టు లేదు. మనకాడ ఉన్నయన్ని కుడిచేతోళ్ళవి. జిప్పు ఎడమ పక్కకుంటది. నువ్వు ఎడమ చేత్తోని నిలబడితే ఆ జిప్పు ఎదుటోళ్ళ దిక్కు తిరుగుతది. కత్తి సందుల దూరిందంటే ఏంది సంగతి? జాకెట్టు లేనిదే చాప మీద కాలు పెట్టనియ్య అక్కా. వచ్చే లిస్టుల చూద్దాం.”

వచ్చే లిస్టంటే మూడు నెలలు. నా ఒట్టు సంగతి అతనికి తెలియదు. చెప్పినా అర్థం కాదు. మూలన చిరిగిన బట్టల సంచీలో ఒక పాత జాకెట్టు ఉంటే, దాన్ని తీసుకెళ్తానని అడిగాను. ఏం చేసుకుంటావన్నాడు. చూస్తానన్నాను. సంచీ అట్టడుగున ఎడమ చేతి గ్లవ్ కూడా ఒకటి దొరికింది, ఎప్పుడో మానేసినవాళ్ళది. అదీ పట్టుకొచ్చాను.

అమ్మకి డెబ్భై దాటాయి. నాతోనే ఉంటుంది. కుట్టుమిషను కిటికీ దగ్గర, మిషను పక్కన అమ్మ. నేను జాకెట్టు మిషను మీద పడేసి సంగతి చెప్పాను. మామూలుగానే చెబుదామనుకున్నాను గానీ గొంతు లేచిపోయింది.

అమ్మ కళ్ళజోడు పైకి తోసింది. “ఎడం చేత్తోనా?”

“ఆ, ఎడం చేత్తోనే. నువ్వు గౌనులో పెట్టి కుట్టేసిన చెయ్యి. ముప్పై ఏడేళ్ళ తర్వాత ఇవాళ బయటికొచ్చింది. మళ్ళీ వద్దంటావేమో అనేసెయ్, వింటాను.”

“అరవకే. చెవుడు రాలేదు నాకు.”

“నువ్వలా కుట్టకపోతే...”

“కుట్టకపోతే ఎవరూ నీ చేతి అన్నం ముట్టేవాళ్ళు కాదు. అందరూ మురికి చెయ్యంటే నువ్వు ఏడ్చుకుంటూ వచ్చేదానివి. నాకేం సరదానా?” అని గద్దించింది. జాకెట్టు చేతిలోకి తీసుకుని, తిరగేసి, లోపలి కుట్లు గోరుతో గీరి చూసింది. “ఈ కుట్టు ఎవడు వేశాడో గానీ గట్టోడే. ఎప్పటికి కావాలి?”

“ఆదివారం పొద్దున ఆరింటికి.”

“అంటే రేపొక్కరోజు.” చిన్న కత్తెర అందుకుంది. “ఆ జిప్పు ఎందుకు ఎదురు రాకూడదో సరిగ్గా చెప్పు. ఎటునుంచి పొడుస్తారు? నిలబడి చూపించు.”

నిలబడి చూపించాను. వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చి అమ్మ చేతికిచ్చి నా మీదికి రమ్మన్నాను. అమ్మ కుర్చీలోంచే నా పక్కటెముకల మీద రెండు పోట్లు పొడిచి, “అదా సంగతి” అంది.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టింది. ఎడమ పక్క జిప్పు మొత్తం ఊడదీసి, అక్కడ లోపల కాన్వాసు పట్టీ వేసి మూడు వరసలు కుట్టేసింది. కుడి పక్క కుట్టు విప్పి జిప్పు అక్కడ బిగించింది. కత్తి పట్టే చేతికి కుడివైపు చంకలో రెండు పొరలున్నాయి, అవి ఎడమవైపు లేవని తనే కనిపెట్టి, ఎడమవైపూ వేసింది. ఒకప్పుడు సైనికుల కవచాలు కుట్టేదిగా, అవి ఉత్త తళుకు బట్టే అయినా ఎక్కడ బలం కావాలో తెలుసు. మధ్యలో సూది రెండుసార్లు విరిగింది. నేను అన్నం కలిపి పెడితే తింటూ కూడా కాలు మిషను మీంచి తియ్యలేదు.

సాయంత్రం నాకు తొడిగి, చుట్టూ తిరిగి చూసింది. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర బట్ట కొంచెం వేలాడుతోంది. అక్కడ ఆగింది. ఆ అంచును రెండుసార్లు మడిచి, మళ్ళీ విప్పి, నా వేళ్ళు పూర్తిగా బయటికొచ్చేలా పట్టుకుని చూసింది. నా చెయ్యి వదలడానికి కొంచెంసేపు పట్టింది. అంత కోపం మధ్యాహ్నానికే ఎటుపోయిందో పోయింది.

ఆదివారం కోచ్ ఆ జాకెట్టును పది నిమిషాలు పరీక్ష చేశాడు. కుట్లు రెండువైపులా పట్టి లాగాడు, మోకాలు పెట్టి లాగాడు. దాన్ని దిండుకి తొడిగి పక్కనుంచి కత్తితో గట్టిగా పొడిచి చూశాడు. “ఎవరు కుట్టిన్రు అక్కా?”

“మా అమ్మ.”

“అమ్మకు నాకాడ పని ఉంది” అని, చాప మీదికి రమ్మని చెయ్యి ఊపాడు.

ముందుగా ఐదు పోట్లు పొడిచినవాళ్ళదే ఆట. డాక్టరమ్మ నా ఎడమ చెయ్యి చూసి మాస్కులోంచే “అయ్యో” అంది. ఆవిడ కత్తి అలవాటుగా ఎక్కడికి వస్తుందో అక్కడ నా కత్తి లేదు, ఇంకో పక్కనుంది. అలాగని నాకు కలిసొచ్చింది కూడా ఏం లేదు. నా ఎడమ చేతికి పొడవడం ఒక్కటే వచ్చు, అడ్డుకోవడం రాదు. ఒకటి. “సారీ అండీ.” రెండు. “సారీ అండీ.” మూడోది నా భుజం కింద పడింది, సరిగ్గా అమ్మ కుట్టిన చోట. కుట్టు కదల్లేదు. నాలుగు.

ఇంకొక్కటి పడితే అయిపోయినట్టే. కోచ్ నోట్సులో లిస్టు తెరిచి ఉంది, పెన్ను మధ్యలో పెట్టి ఉంది. నా కుడి చెయ్యి వెనకాల గాల్లో ఉండి, ‘నాకివ్వు, నేను అందంగా చేస్తాను’ అన్నట్టు గుంజుతోంది. దాన్ని పిడికిలి బిగించి నడుముకు ఆనించాను. నువ్వు చాలా చేశావు, కాసేపు కూర్చో అన్నాను దానితో. నిజంగానే పైకే అన్నాను, డాక్టరమ్మ “ఏంటండీ?” అంది.

“మీతో కాదండీ” అన్నాను.

కోచ్ ‘మొదలు’ అన్నాడు. ఆవిడ ముందుకు వస్తుందని తెలుసు. నేను లెక్కపెట్టలేదు. ఒకటీ రెండూ అనుకోలేదు. ఆవిడ మోచెయ్యి కదిలేలోపే నేల మీంచి లేచాను. మోకాలు కలుక్కుమంది. కత్తి ఎక్కడికెళ్ళిందో నేను చూడలేదు, చేతికి తెలిసింది. నాలుగు వేళ్ళ దగ్గర ఆగలేదు. మూడు, రెండు, ఏమీ లేదు. ఆవిడ తెల్ల జాకెట్టు మీద, గుండెకి కొంచెం కింద, నా కత్తి ఎత్తుగా వంగి నిలబడింది.

“తగిలిందా సార్?” అని అరిచాను.

“నన్నడుగుతవేంది? తగిలినోళ్ళనడుగు.”

తగిలినవాళ్ళే చెయ్యెత్తి ఒప్పుకోవడం ఈ ఆటలో మర్యాద. డాక్టరమ్మ మాస్కులోంచి కిందికి, తన ఛాతీ మీదున్న మొన వంక చూసుకుంది. తర్వాత కత్తి లేని చెయ్యి పైకెత్తింది. నాకంటే ఆవిడే ఎక్కువ సంతోషపడింది. నేను మాత్రం, ఇరవై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా, “సారీ అండీ!” అన్నాను.

ఆ తర్వాతి పోటు ఆవిడదే. ఐదు, ఒకటి. చిత్తుగా ఓడిపోయాను. ఓడిపోయి నేను గెంతినట్టు గెలిచినవాళ్ళు కూడా ఆ షెడ్డులో గెంతి ఉండరు.

కోచ్ పెన్ను తీసుకుని నా పేరు రాశాడు. పక్కన ఫాయిల్ అని రాశాడు. “పిడి ఎట్లాంటిది? తిన్నగున్నదైతే ఏ చేతికైనా నడుస్తది. వేళ్ళకు పట్టేటట్టు మలిచినదుంటది, పట్టు మంచిగుంటది. కానీ గది ఒక్క చేతికే. తర్వాత మనసు మార్చుకుంటే పనికిరాదు.”

“మలిచిందే రాయండి.”

“ఏ చెయ్యి?”

నాకు తెలిసి నా జన్మలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. “ఎడమ” అన్నాను. అక్షరం అక్షరం వినపడేలా, రోడ్డు మీదికి వినపడేలా అన్నాను.

కత్తి రావడానికి నెలన్నర పట్టింది. ఆ ఆదివారం చర్చికి వెళ్ళే ముందు షెడ్డుకి వస్తానని అమ్మే అంది. తను కుట్టిన జాకెట్టు ఉతుకులకు ఆగుతోందో లేదో చూడాలట. తెల్లచీర కట్టుకుని, బైబిలు ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని, గోడవారన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ వెళ్ళి నమస్కారం పెట్టి, అమ్మ పై పళ్ళు ఒకసారి చూడాలంది. అమ్మ నోరు గట్టిగా మూసుకుంది.

కోచ్ పొడుగాటి అట్టపెట్టె చించి, కాగితం విప్పాడు. సన్నటి కొత్త ఊచ, చిన్న గిన్నెలాంటి గార్డు, వేళ్ళ కోసం వంకరలు తిరిగిన నల్లటి పిడి. మెరుపు తక్కువే. నాకు ఈసారి ఆ సంగతి గుర్తు కూడా రాలేదు. అతను దాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని, పెళ్ళిలో బట్టలు పెట్టినంత పద్ధతిగా, నా ముందు నిలబడ్డాడు. షెడ్డులో అందరూ ఆటలు ఆపి చూస్తున్నారు.

అరచెయ్యి జాకెట్టుకి తుడుచుకుని, చెయ్యి చాచాను.

వెనక కుర్చీలోంచి అమ్మ గొంతు వినపడింది.

“ఆ చెయ్యి కాదే.”

కుడి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.